ఈత వచ్చినవాళ్లకే మెడ విరుగుతుంది: బావిలోకి, కాలువలోకి దూకే ముందు, దెబ్బ తగిలాక

ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని బావికి పంపేటప్పుడు పెద్దవాళ్లు అడిగే మాట ఒక్కటే: "వాడికి ఈత వచ్చా?" వచ్చు అనగానే మనసు కుదుటపడుతుంది. ఈత రానివాడు మెట్ల మీద కూర్చుని, నడుముకు మునగబెండ్లో సొరకాయ బుర్రో కట్టుకుని, భయం భయంగా దిగుతాడు. నీళ్లు మింగితే మింగుతాడు గానీ వాడి మెడకు ఏమీ కాదు. ఈత బాగా వచ్చినవాడు గట్టు మీది నుంచో, వంతెన పిట్టగోడ మీది నుంచో చేతులు చాచి తలకిందులుగా డైవ్ కొడతాడు. మెడపూస విరిగేది వాడికి.

మునిగిపోవడం గురించి మనకు తెలిసినంతగా ఈ దెబ్బ గురించి తెలియదు. అందుకే దూకే ముందు లోతు చూసుకోరు. తర్వాత ఎవరికైనా దెబ్బ తగిలితే చేతులు పట్టి బయటికి లాగి, బండి మీద మధ్యలో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోతారు. పూస విరిగినా వెన్నుపాము ఇంకా తెగని మనిషికి, ఆ లాగుడులోనే అది దెబ్బతినవచ్చు. ఇక్కడ రాసిందంతా ఈ రెండు తప్పుల గురించే.

మెడ ఎలా విరుగుతుంది

తల బరువు 4, 5 కిలోలు. దాని వెనక యాభై అరవై కిలోల ఒళ్లు వస్తుంటుంది. తల అడుగు నేలకు తగిలి ఆగిపోతుంది, ఒళ్లు ఆగదు. ఆ బరువంతా మెడ మీద పడుతుంది. మామూలుగా నిలబడినప్పుడు మెడ ఎముకల వరుసకు చిన్న వంపు ఉంటుంది, దెబ్బను కొంత కాచేది ఆ వంపే. డైవ్ కొట్టేటప్పుడు గడ్డం కాస్త ఛాతీ వైపు వంచుతాం కాబట్టి వంపు పోయి మెడ నిటారు కర్ర అవుతుంది. మెడలోని ఏడు పూసల్లో ఎక్కువగా నలిగేవి ఐదోది, ఆరోది. నలిగిన ముక్క వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కుతుంది. ఆ చోట వెన్నుపాము లావు మన చిటికెన వేలంత.

ఊపిరి ఆడించే కండర పొరకు వెళ్లే నరాలు మెడలోని మూడు, నాలుగు, ఐదో నరాల నుంచి వస్తాయి. అంతకంటే పైన తెగితే ఊపిరే ఆగుతుంది. ఐదో నరం వరకు మిగిలితే భుజం ఎత్తగలరు, మోచేయి మడవగలరు. ఆరోది కూడా మిగిలితే మణికట్టు పైకి లేస్తుంది. ఏడోది మిగిలితే మోచేయి చాపగలరు. ఒక్క పూస తేడాతో మనిషి తన చేత్తో తాను అన్నం తినగలడా లేదా అన్నది మారిపోతుంది. దెబ్బ తగిలినవాణ్ని కదిలించకూడదని అంత గట్టిగా చెప్పేది అందుకే.

వేగం లెక్క కూడా చూడండి. మీటరు ఎత్తు నుంచి దూకితే నీటిని తాకేసరికి గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగం. మూడు మీటర్ల నుంచి 28, ఐదు మీటర్ల నుంచి 36, పది మీటర్ల నుంచి 50. తలకిందులుగా సన్నగా దిగే ఒంటిని నీళ్లు వెంటనే ఆపలేవు. మనిషి లోతు నీళ్లలో ఆ వేగంలో చాలాభాగం అడుగుకు చేరేదాకా మిగిలే ఉంటుంది.

నిన్నటి బావి ఇవాళ ఉండదు

దూకే బావి చిన్నప్పటి నుంచి తెలిసిందే అంటారు. ఒక దిగుడుబావిని తీసుకుందాం. కార్తీకంలో నీళ్లు గట్టుకు 8 అడుగుల కింద ఉన్నాయి, నీటి లోతు 20 అడుగులు. మోటార్లు నడిచి నడిచి వైశాఖానికి నీళ్లు పది అడుగులు దిగాయి. ఇప్పుడు అదే గట్టు మీది నుంచి దూకితే పడే ఎత్తు 18 అడుగులు, కింద ఉన్న లోతు 10 అడుగులే. నీటిని తాకే వేగం గంటకు 25 కిలోమీటర్ల నుంచి 37కి పెరిగింది, ఆపాల్సిన నీళ్లు సగమయ్యాయి. గట్టు మారలేదు, దూకేవాడూ మారలేదు. మారింది నీళ్లు. పైగా బావిలో ఎండకు ఎండి, వానకు నాని జారిపడ్డ దరి రాళ్లు, మోటారు పైపు, అడుగున ఫుట్‌వాల్వు, ఎప్పుడో తెగిపడ్డ బకెట్టు, ఇవన్నీ నీళ్లు తగ్గేకొద్దీ తలకు దగ్గరవుతాయి.

కాలువల్లో లోతు రోజుకో తీరుగా ఉంటుంది. వంతుల ప్రకారం నీళ్లు వదిలే చోట నిన్న రెండు నిలువుల లోతున్న కాలువ ఇవాళ నడుము లోతు కావచ్చు, మట్టి రంగు నీళ్లలో ఆ తేడా పైకి కనపడదు. వంతెన స్తంభాల దగ్గర ఒకవైపు గుంత పడుతుంది, ఇంకోవైపు ఇసుక మేట వేస్తుంది. సిమెంటు లైనింగు వేసిన పెద్ద కాలువల వాలు మీద పాచి ఉంటుంది. దూకాక ఎక్కడానికి పట్టు దొరకదు.

చెరువుల్లో వినాయక నిమజ్జనం తర్వాత మట్టి కరిగిపోతుంది, విగ్రహం లోపలి ఇనుప చువ్వలు, కర్రలు నిలువుగా మిగిలిపోతాయి. వాటిని తీయని చెరువులో దూకొద్దు. రాయి తీసి వదిలేసిన క్వారీ గుంతల్లో నీళ్లు తేటగా ఉంటాయి, అందుకే ఎక్కువ మోసం చేస్తాయి. అడుగున రాతిని మెట్లు మెట్లుగా కోసి వదిలేస్తారు, కాబట్టి ఒక అడుగు పక్కకు పడితే ముప్పై అడుగుల లోతు బదులు నాలుగు అడుగుల రాతి అరుగు తగులుతుంది. బొగత, కుంటాల లాంటి జలపాతాల మడుగుల్లో తెల్లటి నురగ కింద బండలు కనపడవు. నురగ నీళ్లలో గాలి కలిసి ఉంటుంది కాబట్టి అవి మనిషిని మామూలు నీళ్లంతగా తేల్చవు కూడా.

నదీ ఘాట్లలో మెట్లు నీటి అంచున అయిపోవు, లోపలికి ఇంకా దిగుతాయి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. మెట్టు మీది నుంచి మునక వేసే పేరుతో తల ముందు పెట్టి దూకే కుర్రాళ్లను ఇంట్లోవాళ్లే ఆపాలి. సముద్రంలో ఇంకో తీరు: పరుగెత్తుకుంటూ వెళ్లి, నడుము లోతు కూడా రాకముందే అలలోకి తల దూర్చడం. అల వెనక్కి తీసిన క్షణంలో కింద మిగిలేది గట్టి ఇసుక. అమెరికాలో ఉన్న మనవాళ్ల పెరళ్లలో నేల మీద నిలబెట్టే ఈత తొట్లుంటాయి. వాటిలో లోతు ఎక్కువగా నాలుగు అడుగుల దగ్గరే, అంచు మీది నుంచి తలకిందులుగా దూకడానికి అవి ఏ మాత్రం పనికిరావు.

లోతు కొలవడం

పది నిమిషాల పని. గట్టి తాడుకు అర కిలో రాయో ఇటుక ముక్కో కట్టండి. రాయి దగ్గర మొదలుపెట్టి మూరకొక ముడి వేయండి. పెద్దవాళ్ల మూర అడుగున్నర, పిల్లల మూర అంత ఉండదు కాబట్టి టేపుతో ఒకసారి సరిచూసుకోండి. దూకబోయే చోట రాయి అడుగుకు తగిలేదాకా వదిలి, తాడు ఎన్ని ముడుల దాకా తడిసిందో లెక్కపెట్టండి. అక్కడ ఒక్కచోట కొలిచి ఆపొద్దు. రెండు పక్కలా రెండేసి మూరల దూరంలో, ముందుకు నాలుగు, ఎనిమిది మూరల దూరంలో కూడా వేయండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిందే మీ లోతు.

తర్వాత పొడవాటి వెదురు గడతో అడుగంతా పొడిచి చూడండి. బురదలో దిగబడిందా, టక్కుమని తగిలిందా చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత ఒకరు మెట్ల మీదుగా దిగి, పాదాలతో వెతుక్కుంటూ ఒకసారి తిరిగి రావాలి. బావిలోకి ఎవరు దిగేముందైనా మోటారు స్టార్టరు ఆపడం చాలదు, ఫ్యూజులు పీకి జేబులో పెట్టుకోండి. ఆటోమేటిక్ స్టార్టరున్న బావిలో కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, తెగిన కేబులుంటే నీళ్లే షాకు కొడతాయి.

లోతు ఎంత ఉండాలి? నీటి అంచుకు దగ్గరగా ఉన్న గట్టు మీది నుంచి తల ముందు పెట్టి దూకాలంటే కనీసం 9 అడుగులు, అంటే ఆరు మూరలు. అమెరికన్ రెడ్‌క్రాస్ ఈత శిక్షణలో చెప్పే కొలత ఇదే. ఎత్తు పెరిగితే ఇది చాలదు. పోటీల ఈతకొలనుల్లో మూడు మీటర్ల పలక కింద 12 అడుగులకు పైగా, పది మీటర్ల వేదిక కింద దాదాపు 16 అడుగుల లోతు ఉంచుతారు. అదీ అడ్డంకి లేని చదును అడుగు, తేట నీళ్లు, శిక్షణ ఉన్న మనుషులు ఉన్నచోట. మన బావులు చాలావాటికి అంత వెడల్పే ఉండదు. లోపలికి వెళ్లి పైకి తిరిగే లోపే ఎదుటి దరి వచ్చేస్తుంది. కాబట్టి వ్యవసాయ బావుల్లో, కాలువల్లో, క్వారీల్లో తలకిందుల డైవు అసలు వద్దన్నదే మా మాట, లోతు ఎంత ఉన్నా సరే.

దూకాలనిపిస్తే కాళ్లు ముందు పెట్టే దూకండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. ప్రపంచ స్థాయి హై డైవింగ్ పోటీల్లో మగవాళ్లు 27 మీటర్లు, ఆడవాళ్లు 20 మీటర్ల ఎత్తు నుంచి దూకుతారు. గాలిలో ఎన్ని పల్టీలు కొట్టినా వాళ్లు నీళ్లలోకి దిగేది కాళ్లతోనే.

కాళ్లతో దూకే పద్ధతి

పరుగెత్తకుండా అంచున నిలబడి ఒక అడుగు ముందుకు వేయాలి. చూపు ఎదురుగా ఉండాలి. కిందికి చూస్తే ఒళ్లు ముందుకు వాలి ముఖమూ పొట్టా నీటికి చరుచుకుంటాయి. రెండు కాళ్లూ అతికించినట్టు దగ్గరగా పెట్టండి. కాళ్లు ఎడంగా ఉంటే నీళ్లు వేగంగా కొట్టి మలద్వారం, జననాంగాల దగ్గర లోపలి గాయాలు చేస్తాయి, ఆడపిల్లలకు ఇది మరీ చెప్పాలి. మోకాళ్లు బిగబట్టకండి, కాస్త సడలి ఉండాలి. ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేయి ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోండి. నిలవ ఉన్న వేడి నీళ్లలో ఉండే అమీబా మెదడుకు చేరేది ముక్కు దారిలోనే కాబట్టి ముక్కు మూసుకోవడం ఇంకో రకంగానూ మంచిది. నీళ్లలో మునిగాక చేతులు రెక్కల్లా చాపితే వేగం తగ్గుతుంది.

కొలనులో శిక్షకుడి దగ్గర డైవ్ నేర్చుకునేవాళ్లు ఒక్క సంగతి మరవకూడదు: చేతులు. రెండు చేతులూ తలకు ముందు చాచి, ఒక అరచేయి ఇంకో చేతి వీపు మీద వేసి, బొటనవేలితో కొక్కెం వేసినట్టు పట్టుకోవాలి. దండలు, అంటే మోచేతి పైభాగాలు, చెవులకు ఆనాలి. నీళ్లలోకి వెళ్లగానే చేతులు వెనక్కి లాగి ఈదడం మొదలుపెట్టేవాళ్లు చాలామంది. అప్పుడు తలకు అడ్డంగా ఏమీ ఉండదు. ఒళ్లు పైకి తిరిగేదాకా చేతులు విడదీయొద్దు.

వెనక్కి పల్టీలు గట్టు మీది నుంచి కొట్టొద్దు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా డైవర్ గ్రెగ్ లుగానిస్ అంతటివాడికి మూడు మీటర్ల పలకకే తల కొట్టుకుంది. అప్పటికే ఆయన ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచినవాడు. ఆయనకు తగిలింది వంగే పలక, బావి దరి రాయి వంగదు. ఒకరి వెనక ఒకరు వెంటవెంటనే దూకడం, ఒకరినొకరు తోయడం, తాగి దూకడం, చీకట్లో దూకడం ఎందుకు వద్దో ఇంత చదివాక విడిగా చెప్పక్కర్లేదు. దూకినవాడు పక్కకు వచ్చి మెట్టు పట్టుకున్నాకే తర్వాతివాడు.

దెబ్బ తగిలిందని ఎలా పోల్చుకోవాలి

దూకినవాడు బోర్లా తేలి కదలకుండా ఉంటే ఆట పట్టిస్తున్నాడని ఎదురుచూడకండి. మెడ విరిగినవాడికి స్పృహ ఉంటుంది గానీ చేతులాడవు, తల పైకెత్తలేడు, అరవలేడు. పైకి వచ్చినవాడు మెడ నొప్పి అన్నా, చేతుల్లో తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జిల్లు అన్నా, కాళ్లు తెలియడం లేదన్నా, తల మీద గాయం కనపడినా మెడ విరిగిందనే అనుకుని నడుచుకోవాలి. ఛాతీ లేవకుండా పొట్ట ఒక్కటే ఎగసిపడుతూ ఊపిరి తీస్తున్నా, బట్టల్లో మూత్రం పోయినా, మగవాళ్లలో అంగం దానంతటదే గట్టిపడినా వెన్నుపాము దెబ్బకు గుర్తులు.

తనంతట తాను ఈదుకుంటూ వచ్చి గట్టెక్కి, "మెడ పట్టేసింది" అని తిప్పుకుంటూ కూర్చునేవాళ్లుంటారు. పూస విరిగి, వెన్నుపాము ఇంకా నలగని మనిషి అచ్చం ఇలాగే ఉంటాడు. మెడ రుద్దడం, జండూబామ్ రాయడం, విరిచి సరిచేయడం చేయొద్దు. అక్కడే పడుకోబెట్టి తల పట్టుకోండి.

నీళ్లలో ఉండగానే

ఒకరు 108కి ఫోన్ చేయాలి. "బావిలోకి దూకాడు, మెడకు దెబ్బ" అని స్పష్టంగా చెప్పి, ఊరి నుంచి బావికి దారి చూపడానికి ఒకర్ని రోడ్డు మీద నిలబెట్టండి. పైకి తీయడం కష్టమనిపించే బావైతే 101కి కూడా చేసి ఫైర్ వాళ్లను పిలవండి. దిగేవాళ్లు మెట్ల మీదుగా, నడుముకు తాడు కట్టుకుని దిగాలి. అతని మీదికే దూకితే అల తగిలి మెడ ఊగుతుంది.

బోర్లా ఉన్న మనిషిని తిప్పే పద్ధతి ఇది. అతని పక్కన నిలబడండి. అతని కుడి దండను మీ కుడి చేత్తో, ఎడమ దండను మీ ఎడమ చేత్తో, భుజానికీ మోచేతికీ మధ్యలో పట్టుకోండి. రెండు చేతుల్నీ నెమ్మదిగా నీటి మట్టానికే తల పక్కకు చేర్చి, రెండు దండలతో చెవుల మీద బిగించండి. అతని చేతులే తలకు ఇరువైపులా పలకల్లా పనిచేస్తాయి. రెండడుగులు ముందుకు నడిస్తే కాళ్లు వెనక తేలి ఒళ్లు సాఫీగా వస్తుంది. అప్పుడు మీకు దగ్గరున్న చేతిని నీటి కిందికి నొక్కుతూ, అవతలి చేతిని పైనుంచి మీ వైపుకు లాగుతూ ఒక్క కదలికలో వెల్లకిలా తిప్పండి. బిగింపు వదలొద్దు. తల మీ మోచేతి వంపు దగ్గరకు వస్తుంది, ముక్కూ బొడ్డూ ఒకే గీతలో ఉండాలి. నీళ్లు మీకు ఛాతీ లోతు దాటితే ఒంటరిగా ఇది కుదరదు. ట్రాక్టరు ట్యూబు మీ చంకల కింద వేసుకుని చేయండి, ఇంకొకరు నడుమూ తుంట్లూ నీటి మట్టానికి ఎత్తి పట్టాలి.

ఇప్పుడు అతని ముఖం చూడండి. ఊపిరి ఉంటే తొందర లేదు. నీళ్లే అతనికి మెత్తటి పరుపు, బల్ల వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉండండి. వేళ్లు, పాదాలు కదిపించి చూసి, టైము గుర్తుపెట్టుకోండి. ఊపిరి లేకపోతే లెక్క మారిపోతుంది. మెడ గురించి ఆలోచిస్తూ నిమిషాలు పోగొట్టొద్దు, తల ఊగకుండా వీలైనంత పట్టుకుని వెంటనే బయటికి తీయండి. ఊపిరి లేని మనిషికి మెడ కాపాడి ఉపయోగం లేదు.

బయటికి తీయడం

చేతులు పట్టుకుని, జుట్టు పట్టుకుని, చంకల్లో తాడు వేసి లాగకండి. తలుపు చెక్క, బల్ల, గట్టి ప్లైవుడ్ షీటు, ఏదైనా ఆరడుగులది కావాలి. నులక మంచం ఒక్కటే అయితే నడుము కుంగిపోతుంది. మంచం మీద బల్ల వేసి కట్టి వాడొచ్చు. లోతు బావుల్లో మంచం నాలుగు కోళ్లకూ నాలుగు తాళ్లు కట్టి దింపుతారు కదా, అదే పద్ధతి. మంచాన్ని నీళ్లలో ముంచి, పక్క నుంచి అతని కిందికి జరిపి, తేలనివ్వండి. ముందు ఛాతీ, తర్వాత తుంట్లు, తర్వాత మోకాళ్ల పైన పంచెలతో కట్టండి. తల అన్నిటికన్నా చివర. తలకు రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు బిగించి, నుదుటి మీదుగా ఒక కట్టు కట్టండి. గొంతు మీదుగా ఏ కట్టూ పోకూడదు. పైన నలుగురూ ఒకరి మాట మీద, ఒకే ఊపులో, తల వైపు కాస్త ఎత్తుగా లాగాలి.

గట్టు మీదికి వచ్చాక ఒకరు మోకాళ్ల మీద తల వైపు కూర్చుని, రెండు అరచేతులతో చెవుల మీదుగా తల పట్టుకుని అంబులెన్సు వాళ్లకు అప్పగించేదాకా లేవకూడదు. తల కింద దిండు వద్దు. మంచినీళ్లు, కాఫీ, ఏవీ నోట్లో పోయొద్దు. తడి చొక్కా తల మీదుగా లాగకుండా కత్తెరతో కోయండి. పొడి దుప్పటి కప్పండి, వెన్నుపాము దెబ్బతిన్న ఒళ్లు వేడిని నిలుపుకోలేదు. వాంతి వస్తే మెడ ఒక్కటే పక్కకు తిప్పొద్దు, బల్లతో సహా మనిషి మొత్తాన్ని పక్కకు వంచండి.

ఊపిరి లేకపోతే నుదుటి మీద చేయి వేసి తల వెనక్కి వంచకుండా, దవడ రెండు మూలల వెనక వేళ్లు పెట్టి ముందుకు ఎత్తండి. అలా దారి తెరుచుకోకపోతే తల కొద్దిగా వంచక తప్పదు. ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేలా ఐదుసార్లు ఊదండి. నీళ్లలో మునిగినవాడికి కావాల్సింది ముందు గాలి. తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులతో 5, 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 నొక్కులు, రెండు ఊదులు. మళ్లీ 30, రెండు. చేసేవాళ్లు రెండు నిమిషాలకొకరు మారుతూ 108 వచ్చేదాకా ఆపొద్దు. పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టి తిప్పడం ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. ఊపిరితిత్తుల్లోని నీళ్లు అలా రావు. వచ్చేది కడుపులోని తిండి, అదే మళ్లీ గొంతులోకి పోయి ఊపిరి ఆపేస్తుంది.

ఆసుపత్రిలో చెప్పాల్సినవి

దగ్గర ఆసుపత్రి అని చిన్న క్లినిక్‌కు తీసుకెళ్తే గంటలు పోతాయి. 108 సిబ్బందిని సీటీ స్కానూ, న్యూరో సర్జనూ ఉన్నచోటికే పోనివ్వమనండి. వెన్నుపాము నలుగుతుంటే 24 గంటల్లోపు ఆపరేషను చేసి ఒత్తిడి తీయడం మంచి ఫలితమిస్తుందన్నది ఇప్పటి వైద్యుల మాట. మామూలు ఎక్స్‌రేలో మెడ కింది పూసలు భుజాల నీడలో కనపడకపోవచ్చు కాబట్టి సీటీ తీశారా అని అడగండి. డాక్టరుకు ఇవి చెప్పండి: ఎంత ఎత్తు నుంచి, ఎంత లోతులోకి, తలతోనా కాళ్లతోనా, ఎన్ని గంటలకు, నీళ్లలో ఎంతసేపు ఉన్నాడు, స్పృహ తప్పాడా, బయటికి తీయగానే కాళ్లు కదిపాడా లేదా. ఆ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మొదట కదిపి తర్వాత ఆగిపోయిందంటే లోపల నొక్కుడు పెరుగుతోందన్నమాట.

మిగతా దెబ్బలు

ఎత్తు నుంచి కాళ్ల మీద పడి అడుగు తగిలినవాళ్లకు మడమ ఎముక, చీలమండ విరుగుతాయి. దెబ్బ అక్కడే ఆగదు, కాళ్ల గుండా పైకి పోయి నడుము పైభాగపు పూసను నలుపుతుంది. మడమ విరిగినవాడు నడుము నొప్పి అనకపోయినా నడుము కూడా చూపించండి, బల్ల మీదే పడుకోబెట్టి తీసుకెళ్లండి.

పొట్ట మీద చరుచుకుంటే ఎర్రగా కందడం మామూలే, చల్లటి గుడ్డ చాలు. కానీ ఎడమ పక్క డొక్కలో నొప్పి పెరుగుతున్నా, భుజంలోకి లాగుతున్నా, ముఖం పాలిపోయి చెమటలు పట్టినా లోపల ప్లీహం చిట్లి ఉండొచ్చు, ఆలస్యం చేయొద్దు. ఊపిరి పీలిస్తే ఒక పక్క పొడుస్తుంటే పక్కటెముకో ఊపిరితిత్తో చూపించుకోవాలి.

చెంప పక్కగా నీళ్లు చరిస్తే కర్ణభేరి చిల్లు పడుతుంది. ఠప్పుమని శబ్దం, నొప్పి, వినికిడి తగ్గడం, కొద్దిగా రక్తం. ఆ చిల్లు గుండా చల్లటి నీళ్లు లోపలి చెవిని తాకగానే కళ్లు గిర్రున తిరుగుతాయి, పైకేదో కిందికేదో తెలియదు. అలా అయినవాడు నీళ్లలో ఉంటే బుడగలు పోయే వైపే పైవైపు. వెంటనే బయటికి వచ్చేయాలి. చెవిలో నూనె, వెల్లుల్లి రసం, ఏ చుక్కల మందూ సొంతంగా వేయొద్దు. స్నానంలో వాజలైన్ రాసిన దూది పెట్టుకోండి. చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే పూడుతుంది, ఈఎన్‌టీ డాక్టరు చూసి సరేనన్నాకే మళ్లీ నీళ్లు.

తల తగిలి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. మళ్లీ మళ్లీ వాంతి, మత్తు, పొంతన లేని మాటలు, ఒక కంటి పాప పెద్దదవడం, వీటిలో ఏది కనపడినా ఆసుపత్రికే. నీళ్లు మింగి దగ్గి తేరుకున్నవాణ్నీ ఆ రోజంతా ఒంటరిగా వదలొద్దు. దగ్గు తగ్గకపోయినా ఆయాసం వచ్చినా వెంటనే చూపించండి.

ఇంటికి వచ్చాక

కాళ్లు చేతులు పడిపోయిన మనిషికి మొదటి శత్రువు పుండు. రెండు గంటలకొకసారి పక్క మార్చండి, రాత్రి కూడా. పిరుదులు, మడమలు, తుంటి ఎముక మీది చర్మం రోజూ చూడండి. వేలితో నొక్కితే తెల్లబడని ఎర్రటి మచ్చే పుండుకు మొదలు. మెడ స్థాయిలో దెబ్బ ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబారి చెమటలు వస్తే బీపీ ప్రమాదకరంగా పెరుగుతోందని అర్థం. వెంటనే కూర్చోబెట్టి, మూత్రపు గొట్టం మడతపడిందేమో చూడండి. చాలాసార్లు కారణం అదే. సర్దినా తగ్గకపోతే ఆసుపత్రికి. ఇలాంటివాళ్లకు మళ్లీ బతకడం నేర్పే కేంద్రం వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి 1966 నుంచి ఉంది. ప్రమాదంలో తన నడుము కింద భాగం పడిపోయిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే దాన్ని నిలబెట్టారు. చిత్తూరు వైపు నుంచి గంట ప్రయాణం.

బావి మీ సొంతమైతే

లోపలి గోడ మీద అడుగు నుంచి పైదాకా అడుగుకొక గీత, మూడడుగులకొక అంకె తెల్ల రంగుతో వేయించండి. తొమ్మిది అడుగుల గీత ఎర్రగా ఉండాలి. ఏ నెలలో వచ్చినా నీళ్లు ఎర్ర గీత కిందికి దిగాయా లేదా పైనుంచే కనపడుతుంది. గీత పైన నీళ్లున్నా తలకిందుల డైవు మాత్రం వద్దు. మెట్ల దగ్గర మేకుకు గాలి నింపిన ట్యూబు ఒకటి, ఇరవై బారల తాడు ఒకటి ఎప్పుడూ వేలాడుతుండాలి. మోటారు షెడ్డులో ఆరడుగుల బల్ల ఒకటి నిలబెట్టి ఉంచండి. పూడిక తీయించిన ఏడాది గోడ మీది అంకెలు మారతాయి, తాడుతో కొలిచి గీతలు మళ్లీ వేయించాలి.